యెల్లాప్రగడ సుబ్బారావుగారు

యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. వీరి యౌవనమున సోదరులిరువురు గ్రహణివ్యాధిచే మరణించిరి. నాడు దానికి తగిన మందు లేకుండెను. వీరు మదరాసున వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకేగి, హార్వర్డు వైద్యవిద్యాలయమున ఫిస్కెగారితో గూడి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనిరి.

1940లో వీరు లెడర్లీ ప్రయోగశాలను జేరిరి. అచట వీరి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా నిర్మింపబడెను. సోదరులను గొనిపోయిన గ్రహణికి అది ఔషధముగా నుపయోగపడెను.

పిమ్మట వీరి బృందము ఆ ఆమ్లమునకు విరోధముగా బనిచేయు అమినోప్టెరిను అను పదార్థమును నిర్మించెను. తెల్లకణములు మితిమీరి పెరుగు ల్యుకీమియా వ్యాధిచే మరణోన్ముఖులైన బిడ్డలకు, బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు వైద్యుడు దాని నిచ్చి చూచెను. 1948లో ఆయన ప్రకటించిన ప్రకారము 16 మంది బిడ్డలలో 10 మందికి గుణము గనుపించెను. వ్యాధి మరల తిరుగబెట్టెను. అయినను అది మందునకు లొంగునని లోకమునకు దెలిసెను.

ఆ సంవత్సరము ఆగష్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కున దివంగతులైరి. ఆ మందునకు దగ్గఱిదగు మెథోట్రెక్సేటు నేటికిని రోగులకు వాడబడుచున్నది.

విద్యార్థులారా! సీసాలోని పదార్థము రోగికి ప్రాణదానము చేయవలెనన్న, రసాయనజ్ఞులు, వైద్యులు, దాదులు ఎందఱో చేయి కలుపవలయును. ఇందులకు వీరి జీవితమే నిదర్శనము.