రెండు బస్సుల్ల పోయి ఒక్క బస్సుల ఒచ్చిండ్రు

మొన్న ఉపాధి పని కాడ తాగనీకి నీళ్లు పెట్టుండ్రి, నీడకు ఒక టెంటు ఎయ్యుండ్రి అని అడగవోతె ఒక సారు నాకు నీతి జెప్పిండు. కష్టం పడితెనే మనిషి రాయి లెక్క తయారైతడట. నీళ్లు, నీడ అడిగేటోళ్లకు పని మీద మనసు లేనట్టట. చట్టంల రాసున్నది సారూ అంటె మొకం అటు తిప్పుకుండు. గప్పుడు నాకు పాల్ బ్రయంట్ యాదికొచ్చిండు.

ఆయన మనోడు గాదు, అమెరికా ఆయన. ఎలుగుబంటి బ్రయంట్ అని పేరు, వాళ్ల బాసల బేర్ బ్రయంట్. కాలేజి ఫుట్‌బాల్ కోచ్, 1983ల సచ్చిపోయిండు. ఈ ఫుట్‌బాల్ మనం కాలుతోని తన్నే ఆట గాదు. తలకు హెల్మెట్, భుజాలకు మెత్తలు కట్టుకొని, కోడిగుడ్డు అసుంటి బాల్ చేత పట్టుకొని ఒకని మీద ఒకడు పడే ఆట. మనకు క్రికెట్ ఎంతనో అక్కడ కాలేజి ఫుట్‌బాల్ అంత. గెలిచే కోచ్‌ను దేవుని లెక్క సూస్తరు. బ్రయంట్‌కు ఇప్పటికీ మొక్కేటోళ్లున్నరు.

1913ల ఆర్కన్సా రాష్ట్రంల మోరో బాటమ్ అనే పల్లెల పుట్టిండు. పన్నెండు మంది పిల్లలల్ల పదకొండోడు. నాయినకు పానం బాగుండకపోయేది, అమ్మనే ఇల్లు నడిపింది. కూరగాయలు బండి మీద ఏసుకొని పక్క టౌను ఫోర్డయిస్‌కు పోయి అమ్మేది, ఎంబడి ఈ పోరడు. టౌను పిల్లలు బండిని సూసి నవ్వుతుండె. పదమూడేండ్లప్పుడు తమాషా సూపెట్టెటోళ్లు తెచ్చిన ఎలుగుబంటితోని, నిమిషానికి ఒక డాలరు కూలి మాట్లాడుకొని కుస్తీ పట్టిండు. పేరైతె మిగిలింది గని పైసలు రాలే, ఎలుగుబంటి ఓనర్ చెప్పకుండ చెక్కేసిండు. నా లెక్కల ఆయన బతుకుల మొదటి కూలి ఎగవెట్టుడు అదే.

అలబామా యూనివర్సిటీల సదివేటప్పుడు, 1935ల, కాలు ఎముక విరిగినా టెనసీ టీము మీద మ్యాచ్ ఆడిండు. బీదోని బిడ్డ, ఆట పోతె మల్ల ఆ కూరగాయల బండి కాడికే పోవాలె. నొప్పిని లెక్కజెయ్యకపోవుడే మొగతనం అని గట్ల నేర్చుకుండు. నేర్చుకున్నదే ఎన్కసిరి వేరేటోళ్ల పిల్లలకు నేర్పిండు.

1954 ఫిబ్రవరిల టెక్సస్ ఎ అండ్ ఎం కాలేజీకి కోచ్‌గ ఒచ్చిండు. ఇయ్యాల మన తెలుగు పిల్లలు ఇంజినీరింగ్ సదువనీకి పోయే యూనివర్సిటీనే అది. అప్పట్ల మాత్రం ఒట్టి మొగపిల్లల మిలిటరీ కాలేజి, నల్లజాతి పిల్లలకు లోపటికి రానిచ్చుడే లేదు. టీము పడిపోయి ఉన్నది, దాన్ని మల్ల కట్టాలె. సెప్టెంబర్ 1 నాడు పోరగాండ్లను బస్సులెక్కిచ్చి పడమట దిక్కు జంక్షన్ అనే చిన్న టౌనుకు తీస్కపోయిండు. కాలేజి వాళ్లకు ఆడ జాగ ఉండె. యాడికి పోతున్నరో పిల్లలకు చెప్పలే.

టెక్సస్‌ల అప్పటికే ఏండ్ల కొద్ది కరువు నడుస్తున్నది. రేకుల షెడ్లల్ల పండుకునుడు. గ్రౌండుల గడ్డి లేదు, రాళ్లు, పల్లేరుకాయలు. ఎండ వంద ఫారన్‌హీట్ డిగ్రీలు దాటింది, అంటె మన లెక్కల 38కి పైన. పొద్దు పొడవకముందే లేపి, మాపటికి మల్ల ప్రాక్టీసు. ప్రాక్టీసు నడుమ నీళ్లు బంద్. పది రోజులు గిదే కత. ఒక పోరడు వడదెబ్బకు కుప్పకూలి, దవఖానల పడి సచ్చి బతికిండు. నిజం జెప్పాలంటె అప్పట్ల నీళ్లు తాగితె ఆటగాడు మెత్తబడ్తడని శానామంది కోచ్‌లు నమ్మేటోళ్లు, ఈయన ఒక్కడే గాదు. కాని కరువు నేల మీద, గంత ఎండల, గంత పంతం పట్టిన పేరు ఈయనదే.

పిల్లలు రాత్రిపూట ఒక్కొక్కడు సప్పుడు జెయ్యక బస్టాండ్ దిక్కు నడిసిండ్రు. పోయింది వందమంది దాంక, మిగిలింది ముప్పై అయిదు మందికి అటీటు. రెండు బస్సుల్ల పోయి ఒక్క బస్సుల ఒచ్చిండ్రని చెప్పుకుంటరు.

మరి గంత జేసినంక టీము గెలిచిందా? మొదటి మ్యాచే టెక్సస్ టెక్ చేతిల 41-9తోని చిత్తయ్యింది. ఆ ఏడు పది మ్యాచులాడితె గెలిచింది ఒక్కటే, జార్జియా మీద 6-0. మిగతా తొమ్మిది ఓటమే. టీసీయూతోని ఒక్క పాయింటు తక్కువైంది, హ్యూస్టన్‌తోని మూడు, ఎస్‌ఎంయూతోని మూడు. ఆఖరికి ఆగం అయ్యేది మందిబలం లేకనే. ముప్పై అయిదు మందితోని ఎంతకని ఆడ్తరు? బ్రయంట్ 38 ఏండ్లు హెడ్ కోచ్‌గ ఉన్నడు, అండ్ల గెలుపుల కంటె ఓటములు ఎక్కువైన ఏడు గిదొక్కటే.

రెండేండ్లకు, 1956ల, గదే కాలేజి ఒక్క మ్యాచ్ ఓడకుండ తొమ్మిది గెలిచి, ఒకటి సమానంజేసి, సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ఛాంపియన్ అయ్యింది. ఇగ కత కట్టేటోళ్లకు దారి దొరికింది. జంక్షన్‌ల ఎండకు కాలినందుకే గెలిచిండ్రని 1999ల పుస్తకం ఒచ్చింది, 2002ల టీవీ సినిమా ఒచ్చింది. మిగిలినోళ్లల్ల జీన్ స్టాలింగ్స్, జాక్ పార్డీ పెద్ద కోచ్‌లైండ్రు, వాళ్లను సూపెట్టి గదే ముచ్చట జెప్తరు.

ఈ లెక్క నాకు పొసగలే. 1956 టీముల పెద్ద పేరు జాన్ డేవిడ్ క్రో, మరుసటి ఏడు హైస్మన్ ట్రోఫీ కొట్టినోడు. ఆ పోరడు జంక్షన్ క్యాంపుకు పోనే లేదు. 1954ల ఆయన ఫస్టియర్, అప్పట్ల ఫస్టియరోళ్లకు పెద్ద టీముల ఆడే రూలే లేకుండె. టీమును మల్ల కట్టింది కొత్తగ తెచ్చుకున్న పిల్లలు. వాళ్లను ఎట్ల తెచ్చిండ్రో కూడ చూడాలె. పిల్లలను చేర్చుకునేకాడ రూల్స్ తప్పిండ్రని ఎన్‌సీఏఏ 1955ల ఆ కాలేజి మీద ఆంక్షలు పెట్టింది, గందుకే 1956ల గెలిచినా సీజన్ ఆఖరుకు ఆడే బౌల్ మ్యాచ్‌కు పోలేకపాయె. కొందరు పిల్లలకు బయటి పెద్దమనుషుల పైసలు ముట్టినయని బ్రయంటే ఎన్కసిరి ఒప్పుకుండు. అంటె గెలుపుల కొత్త పిల్లల కాళ్లున్నయి, పైసలున్నయి, బ్రయంట్ తెలివి కూడ ఉన్నది, అది కాదనలేం. కని పేరంతా నీళ్లియ్యని పది రోజులకే పోయింది.

1958ల సొంత కాలేజి అలబామాకు పోయిండు. మూడేండ్లల్ల నాలుగే మ్యాచులు గెలిచిన టీము అది. ఆరు జాతీయ టైటిళ్లు తెచ్చిండు, మొత్తం 323 గెలుపులు. ఆ టీముల తెల్లోళ్లు తప్ప ఇంకొకరు లేకుండె. నల్లజాతి ఆటగాళ్లను ఎందుకు తీసుకోరని 1969ల ఆ యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థులే బ్రయంట్ మీద కోర్టుకెక్కిండ్రు. 1970ల సదర్న్ కాలిఫోర్నియా టీము బర్మింగ్‌హామ్‌కొచ్చి 42-21తోని ఓడగొట్టింది, సామ్ కన్నింగ్‌హామ్ అనే నల్లజాతి పోరడు ఒక్కడే 135 గజాలు ఉరికిండు. ఆ ఒక్క మ్యాచే అలబామాను మార్చిందని కత జెప్తరు, కోర్టుకెక్కిన పిల్లలను మరుస్తరు. గా ఏడే విల్బర్ జాక్సన్ స్కాలర్‌షిప్ మీద చేరిండు, 1971ల జాన్ మిచెల్ మ్యాచ్‌ల దిగిండు.

1979ల జంక్షన్‌ల మిగిలినోళ్లు మల్ల గదే జాగల కలిసిండ్రు, ముసలోడైన బ్రయంట్ కూడ పోయిండు. ఆయనకొక ఉంగరం ఇచ్చిండ్రు. 1982 డిసెంబర్‌ల ఆఖరి మ్యాచ్ గెలిచి పని చాలించిండు, నెల తిరగకముందే, జనవరి 26 నాడు, గుండె ఆగిపోయింది. అప్పుడు ఆయన ఏలికున్నది గా జంక్షన్ ఉంగరమే అంటరు. గెలిచిన టైటిళ్లది ఒక్కటి గూడ గాదు, ఒక్క మ్యాచ్ గెలిచిన ఏడుది. ఎందుకు పెట్టుకుండో ఆయనకే ఎరుక. నాకైతె అండ్ల గర్వం ఒక్కటే కనవడలే.

బ్రయంట్ మొదటిసారి హెడ్ కోచ్ అయ్యింది 1945ల మేరీలాండ్ యూనివర్సిటీల. గదే యూనివర్సిటీల 2018 ఎండాకాలం పందొమ్మిదేండ్ల ఆటగాడు ప్రాక్టీసుల వడదెబ్బ తగిలి, రెండు వారాలు దవఖానల ఉండి సచ్చిపోయిండు. యూనివర్సిటీ పెద్దలు తప్పు మాదే అని ఒప్పుకున్నరు. జంక్షన్ నుంచి రాత్రిపూట నడిసిపోయిన అరవై మందిని ఓర్వలేనోళ్లన్నరు. వాళ్లల్ల ఎంతమంది పానం కాపాడుకున్నరో ఎవలు లెక్కవెట్టిండ్రు?

ఎండలు ముదురుతున్నయి. సోమారం మల్ల ఆ పని కాడికి పోవాలె, ఈసారి కుండ మేమే కొనుక్కొని పోతున్నం, బిల్లు సారు టేబుల్ మీద పెడ్తం.