చీమలకు పేర్లు పెట్టిన నెల్లూరు డాక్టరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, నేను కాలువల గురించి రాస్తానని అనుకున్నారు. 30 ఏళ్లుగా నా ఉద్యోగం అదే మరి. కానీ నాకు చీమల గురించి, వాటిని ఓపిగ్గా చూసిన ఒక డాక్టరు గురించి రాయాలనిపించింది. దానికి కారణం మన బడిలోనే ఉంది.

త్రిపురారం బడిలో ఏడో తరగతి చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం సైన్సు సారు మమ్మల్ని బయటికి తీసుకెళ్లి, గోడ పక్కన ఉన్న ఒక రాయిని తిరగేయించారు. కింద చీమలు తెల్లటి గుడ్లను నోట కరుచుకుని పరుగులు పెట్టాయి. చీమ కానిది ఏదైనా కనిపిస్తోందా అని సారు అడిగారు. చాలాసేపు చూస్తే ఒక చిన్న పురుగు కనిపించింది. బియ్యపు గింజంత కూడా లేదు, వెండిలా మెరుస్తోంది. చీమలు దాన్ని ఏమీ అనడం లేదు. ఎందుకని అడిగితే, ఆలోచించి రేపు చెప్పమన్నారు. మర్నాటికి మేమంతా ఆ మాటే మరిచిపోయాం. నాకు అది మళ్లీ గుర్తొచ్చింది 40 ఏళ్ల తర్వాత, థామస్ జెర్డన్ జీవితం గురించి చదివినప్పుడు.

జెర్డన్ 1811లో ఇంగ్లండ్‌లోని డరమ్ ప్రాంతంలో పుట్టారు. వారిది స్కాట్లండ్ కుటుంబం. ఎడిన్‌బరోలో వైద్యం చదువుతూనే ప్రకృతి శాస్త్ర పాఠాలు కూడా విన్నారు. ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరి 1836 ఫిబ్రవరిలో మద్రాసులో ఓడ దిగారు. మొదటి పోస్టింగు గంజాం వైపు. అక్కడ జ్వరాలు, రక్త విరేచనాలతో పడిపోయిన సిపాయిలకు వైద్యం చేయడం ఆయన పని. తీరిక దొరికితే తూర్పు కనుమల్లో పక్షులను చూసేవారు. తర్వాత గుర్రపు దళంతో తిరుచిరాపల్లికి, అక్కడి నుంచి దక్కన్‌లోని జాల్నాకు వెళ్లారు.

ఆ రోజుల్లో ఒక దెబ్బ తగిలింది. సేకరించిన పక్షుల చర్మాలను పేర్లు తేల్చమని బ్రిటన్‌లోని ఒక పెద్ద పండితుడికి ఓడలో పంపారు. అవి చేరేసరికి పురుగు పట్టి పాడైపోయాయి. అంతటితో జెర్డన్ పరాయి చేతుల మీద ఆధారపడటం మానేశారు. తానే పోల్చి చూసుకుని, దక్షిణ భారత పక్షుల జాబితాను 1839-40లో మద్రాసు పత్రికలో అచ్చు వేయించారు. అందులో 420 జాతులు ఉన్నాయి. అంతకు ముందున్న జాబితాకు అది దాదాపు రెట్టింపు.

1840లలో ఆయన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశారు. మన తెలుగువాళ్లు గుర్తుంచుకోవలసిన కాలం ఇది. అక్కడ యానాదులతో ఆయనకు పరిచయం ఏర్పడింది. ఎలుక బొరియ ఎక్కడుందో, ఏ పొదలో ఏ పిట్ట దాగిందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. జెర్డన్ వాళ్లను అడిగి పక్షుల అలవాట్లు తెలుసుకున్నారు, తెలుగు పేర్లు రాసుకున్నారు. తర్వాత అచ్చయిన తన పుస్తకాల్లో ఆ తెలుగు పేర్లను శాస్త్రీయ నామాల పక్కనే చేర్చారు. చదువు లేని మనుషులు చెప్పిన మాటలని వాటిని పక్కన పెట్టలేదు.

నెల్లూరు, కడప ప్రాంతాల్లో ఆయన కనుగొన్న కలివికోడికి ఇంగ్లీషులో నేటికీ ఆయన పేరే ఉంది. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. చివరికి 1986 జనవరిలో కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాడి సాయంతోనే మళ్లీ దొరికింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారిని మార్చాల్సి వచ్చింది. కాలువలు తవ్వే నాలాంటివాళ్లకు ఆ కథ బాగా తెలుసు.

ఇక చీమల సంగతి. 1851లో జెర్డన్ దక్షిణ భారతదేశపు చీమల మీద ఒక జాబితా ప్రచురించారు. మనం ఎర్రచీమ, నల్లచీమ, గండుచీమ అని ఊరుకుంటాం. ఆయన ఒక్కోదాన్ని విడిగా చూసి పేరు పెట్టారు. బారులు తీరి నడిచే చీమకు లెప్టోజెనిస్ ప్రొసెషనాలిస్ అనే పేరులోని రెండో మాట ఆయనదే. ఇళ్లలో తిండినీ బట్టలనూ పాడుచేసే, కరెంటు తీగల తొడుగు కొరికే సన్న చీమను వినాశకారి అనే అర్థంలో డిస్ట్రక్టర్ అన్నారు. చెట్టు బెరడు మీద తిరుగుతూ కుడితే కళ్లు తిరిగేంత మంట పెట్టే ఎరుపు నలుపు చీమ పేరు రూఫోనైగ్రా. ఆ చీమను మనలో చాలామంది చెట్టెక్కినప్పుడు కలిసే ఉంటారు.

చీమలు గింజలు దాచుకుంటాయని మన రైతుకు ఎప్పటి నుంచో తెలుసు. కళ్లం పక్కన పుట్ట చుట్టూ పొట్టు కుప్ప చూడనివాడు లేడు. కానీ యూరప్ పండితులు చాలాకాలం ఈ మాట నమ్మలేదు. చీమలు మోసే తెల్లటి ప్యూపాలను చూసి పాతకాలం వాళ్లు గింజలని పొరబడ్డారని వాదించారు. మనం గుడ్లు అని పిలిచేవి చాలాసార్లు ఆ ప్యూపాలే. పుణెలో సైక్స్ అనే సైనికాధికారి, ఆయన తర్వాత జెర్డన్, చీమలు నిజంగానే గింజలు మోసుకెళ్లి నిలవ చేస్తాయని తాము చూసింది చూసినట్టు రాశారు. 1873లో మాగ్రిడ్జ్ అనే ఆయన మధ్యధరా తీరంలో ఇదే చూసి పుస్తకం వేశాకే యూరప్‌లో ఈ సంగతి గట్టిపడింది. అప్పటికి జెర్డన్ పోయి ఏడాది అయింది.

ఆయన పేరు పెట్టిన చీమల్లో అన్నిటికంటే ప్రసిద్ధి చెందింది హార్పెగ్నాథస్ సాల్టేటర్. పెద్ద కళ్లు, పొడుగాటి దవడలు, ఎగిరి దూకే గుణం. సాల్టేటర్ అంటే దూకేది అనే అర్థం. 2010లో మొదటిసారి జన్యుపటం తయారైన రెండు చీమల్లో ఇది ఒకటి. రాణి చనిపోతే ఇందులోని మామూలు కూలి చీమలే కొన్ని గుడ్లు పెట్టే స్థానానికి వస్తాయి. అప్పుడు వాటి మెదడు చిన్నదవుతుంది. మళ్లీ పాత పనికి వెళ్తే తిరిగి పెరుగుతుంది.

ఇంజనీరుగా నన్ను ఆకట్టుకున్నది దాని గూడు. 1994లో శాస్త్రవేత్తలు తవ్వి చూసి వివరించారు. పై గదికి కమాను కప్పు, చుట్టూ ఖాళీ జాగా. వాన నీరు దిగినా గదిలోకి రాకుండా పక్క నుంచి పోతుంది. గోడలకు ప్యూపాల తొడుగుల ముక్కలు అతికించి ఉంటాయి. అడుగున చెత్త గది వేరే ఉంటుంది. అందులో ఈగల పిల్లపురుగులు కాపురం ఉంటాయి. ఇంటివాళ్లు పారేసింది వాటికి తిండి.

ఇలాంటి అతిథులు చీమల గూళ్లలో లెక్కలేనన్ని. రెక్కలు లేని బుల్లి కీచురాయి చీమల ఒంటి వాసనను తన ఒంటికి పట్టించుకుని వాటి మధ్యే తిరుగుతుంది. వాసన కలిస్తే చీమ దాన్ని తమలోనిదే అనుకుంటుంది. కొన్ని సీతాకోకచిలుకల గొంగళిపురుగులు తీపి ద్రవం ఇచ్చి చీమలను కాపలాకు పెట్టుకుంటాయి. మామిడి ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల ఇంట్లో మరో గొంగళిపురుగు ఉంటుంది. అది చీమల పిల్లలనే తింటుంది. వీపు మీది గట్టి డిప్ప వల్ల చీమలు దాన్ని ఏమీ చేయలేవు. మా సారు చూపించిన వెండి పురుగు కూడా ఈ అతిథుల కోవలోదే. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఇన్నేళ్లకు దొరికింది.

జెర్డన్ తర్వాతి జీవితం పుస్తకాలతో గడిచింది. 1862-64లో వచ్చిన ఆయన భారత పక్షుల గ్రంథంలో 1008 జాతులు ఉన్నాయి. 1867లో క్షీరదాల మీద మరో పుస్తకం వచ్చింది. అస్సాంలో జబ్బుపడి, 1870లో స్వదేశం వెళ్లి, 1872 జూన్ 12న లండన్ దగ్గర కన్నుమూశారు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలువ కట్ట మీద ముసలి లస్కర్ ఒకాయన నాకు ఒక చోటు చూపించాడు. చీమలు కింద నుంచి కొత్త మట్టి తోడుతున్నాయి, లోపల గుల్లగా ఉంది సారూ అన్నాడు. చీమలకు భయపడతామా అని నవ్వి నేను ముందుకు నడిచాను. నీళ్లు వదిలిన పది రోజులకు అక్కడే బుంగ పడింది. రాత్రంతా ఇసుక బస్తాలు వేశాం. చివరి భూములకు ఒక తడి అందలేదు. బుంగ చీమలదో ఎలుకలదో ఇప్పటికీ చెప్పలేను. చోటు మాత్రం ఆయన చూపించిందే. నాకంటే 150 ఏళ్ల ముందు పరాయి దేశం నుంచి వచ్చిన డాక్టరు యానాదులను కూర్చోబెట్టి అడిగాడు. మన ఊరివాడిని నేను అడగలేదు సరే, తానుగా చెప్పినా వినలేదు.

మిత్రులారా, ఈ సంవత్సరం సంఘం తరఫున బడికి ఏమేం ఇవ్వాలో లెక్కలు వేస్తున్నాం. ఆ జాబితాలో ఒక్కో తరగతికి నాలుగు మంచి భూతద్దాలు కూడా చేర్చమని నా మనవి. వాటి ఖర్చు నేను పెట్టుకుంటాను. ఉత్సవానికి వచ్చినప్పుడు ఏడో తరగతి పిల్లలను ఒక గంట నాకు అప్పగించండి. గోడ పక్కన తిరగేయడానికి ఒక రాయి దొరక్కపోదు.