ఇసుకకు దారి వదిలిన కాటన్ దొర

క్రిస్మస్ ముందు సున్నం వేసి బూజు దులిపామంటే, మళ్లీ ఏడాది దాకా ఇంటి మూలల వంక చూడనివాళ్లం మనలో చాలామందిమి. మన డెల్టాకు అన్నం పెట్టిన కాటన్ దొర అలాంటి మనిషి కాదు. 1803లో ఇంగ్లండ్‌లో పుట్టి, 18 ఏళ్లకే మద్రాసు వచ్చిన ఈ భక్తిగల ఇంజనీరు మొదట కావేరి మీద పనిచేశారు. ఇసుక మేట వేసి తంజావూరు పొలాలకు నీరు తగ్గిపోవడం అక్కడ కళ్లారా చూశారు. అందుకే 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు నీటిని ఆపే గోడతో సరిపెట్టలేదు. అడుగున చేరే ఇసుకను నది నీటితోనే కడిగేసే తూములు కూడా పెట్టించారు. మధ్యలో జబ్బుపడి కొన్నాళ్లు దూరమైనా, 1852కి పని పూర్తయింది.

ఆనకట్ట గొప్పదే. మనకు మాత్రం ఆ తూములే ఇంకా గొప్పగా తోస్తాయి. కట్టేనాడే కడగడం గురించి ఆలోచించారు మరి! ఆదివారం ఆరాధనకు ముందు, శనివారం తప్పకుండా ఇల్లు కడుక్కునే ఇల్లాలికి ఈ లెక్క చెప్పనక్కరలేదు.

ఆయన 1899లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ఆయన పేరిటే బ్యారేజీ ఉంది. వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, లాకులు బాగుచేయడం నేటికీ ఉన్నదే. ఆ కబురు రాగానే ఊరి చెరువులు నింపుకొంటాం.