యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. ఈయన భీమవరంలో జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధన చేశాడు. 1929లో వీరు కండరాలలో ఏటీపీని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దీనిని కనుగొన్నాడు. ఏటీపీ కణానికి శక్తినివ్వడమే కాదు, కణం పైపొరలోని టైరోసిన్ కైనేజ్ గ్రాహకాలకు ఫాస్ఫేటును కూడా అందిస్తుంది. ఆ ఫాస్ఫేటు టైరోసిన్‌కు చేరితేనే పెరుగుదల సంకేతం కణం లోపలికి వెళుతుంది. ఈ సంకేతం అదుపు తప్పితే క్యాన్సరుకు దారితీయవచ్చు. 2004లో అమెరికాలో ఆమోదం పొందిన ఎర్లోటినిబ్ గ్రాహకంలో ఏటీపీ చేరే చోటునే ఆక్రమిస్తుంది. ఈ సంబంధం సుబ్బారావు జీవితకాలంలో ఎవరికీ తెలియదు.

హార్వర్డులో స్థిరమైన పదవి లభించక 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఈయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆపై దానిని పోలి ఉంటూనే దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను రూపొందించింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఈ మందును రక్త క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో వ్యాధి కొంతకాలం తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. ఆగష్టులో సుబ్బారావు మరణించాడు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.