చేతిలో ఏమీ లేని రోజున



మన ఇళ్లలో కృతజ్ఞత కూడికలు తరచుగా జరుగుతుంటాయి. ఉద్యోగం వచ్చిందని, ఇల్లు కట్టామని, ఆపరేషన్ బాగా జరిగిందని దేవుణ్ణి స్తుతిస్తాం. అది మంచిదే. అయితే మనం ప్రేమిస్తున్నది మేలునా, మేలు చేసినవానినా? దాదాపు నూట యాభై ఏళ్ల క్రితం ఒంగోలు ప్రాంతంలో ఒక దైవసేవకునికి ఇదే ప్రశ్న ఎదురైంది.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వే పని చేశారు. అప్పటికి ఆయనకు భక్తి విషయాలు పట్టేవి కావు. తర్వాత చదువుకునే రోజుల్లో క్రీస్తును సొంత రక్షకునిగా అంగీకరించారు. 1865లో నెల్లూరుకు, మరుసటి ఏడు ఒంగోలుకు వచ్చారు. మనవాళ్లు ఆయనను క్లౌ దొర అని పిలుచుకున్నారు.

ఒంగోలులో తొలి రోజుల్లోనే ఆయనకు ఒక పరీక్ష వచ్చింది. అగ్రవర్ణాలవారు కొందరు సువార్త వినడానికి ఆసక్తి చూపారు. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ సోదరులు విశ్వాసంలోకి వస్తున్నారు. వారిని చేర్చుకుంటే మేము రామని పెద్దలు తేల్చి చెప్పారు. దొర కలవరపడి ఒంటరిగా లేఖనం తెరిచారు. కంటపడింది మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం, లోకం నీచంగా చూసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం. వేరే గదిలో ఆయన భార్య హారియెట్ కూడా ఆ భాగమే చదువుతున్నారని తర్వాత తెలిసింది. ఇక సందేహం లేదు. బీదలకు తలుపు తెరిచే ఉంచారు.

తర్వాత 1876–78 నాటి మహా కరవు వచ్చింది. ఆకలికి, కలరాకు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుగా తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. భక్తిలేని రోజుల్లో నేర్చుకున్న సర్వే పని ఆ రోజు ప్రాణాలు నిలిపింది. బోధకులే మేస్త్రీలై పని చేయించారు. విరామ వేళ చెట్ల నీడన కూర్చుని దుఃఖంలో ఉన్నవారికి సువార్త చెప్పారు.

బాప్తిస్మము కావాలని జనం అడగసాగారు. దొర ఇవ్వలేదు. 1877 మార్చి నుండి పదిహేను నెలలపాటు ఆయన ఎవరినీ సంఘంలో చేర్చుకోలేదు. అన్నం పెట్టే చెయ్యి ఆయనదే గనుక, ఆ చేతిని చూసి వస్తున్నారో ప్రభువును చూసి వస్తున్నారో తేలాలి. ఆ ఎదురుచూపు తేలికైనది కాదు. మనుషులు కళ్లముందే చనిపోతున్న కాలమది. అయినా ఆయన కూలి ఆపలేదు, వాక్యం ఆపలేదు. లెక్క చూపించుకోవాలనే తొందరను మాత్రం ఆపుకున్నారు.

1878 జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం గుమిగూడారు. కరవు సహాయం అయిపోయిందని, ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదని దొర వారికి చెప్పారు. వారు వెనుదిరగలేదు. తమకు డబ్బు అక్కరలేదనీ యేసును వెంబడిస్తామనీ చెప్పారు. దొర ఎదురుచూసిన జవాబు అదే. బోధకులు ఊరూరా ఒక్కొక్కరిని విచారించాక జూలై 2న 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందారు. రెండో రోజున ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నదిలో నిలబడి ఆ పరిచర్య జరిగించారు.

క్లౌ దొర 1910లో ప్రభువునందు నిద్రించారు. 2222 అనే సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనుక ఉన్న పదిహేను నెలల ఓర్పును మరచిపోతాం.

మొదటి థెస్సలొనీకయుల పత్రిక ఐదో అధ్యాయంలో కృతజ్ఞత గురించి చెప్పిన మూడు వచనాలకే పౌలు అన్నిటినీ పరీక్షించి మంచిదాన్ని పట్టుకోమంటాడు. ఆ రెండూ కలిసే నడవాలి. దొర జనాన్ని అనుమానించి దూరం పెట్టలేదు. కడుపు నింపుతూనే కనిపెట్టారు.

ఈ వారం రాత్రి కుటుంబ ప్రార్థనలో మేళ్లన్నిటినీ లెక్కించి స్తుతించండి. ఆ తర్వాత, వీటిలో ఒకటి రేపు లేకపోయినా ఇదే మోకాళ్ల మీద ఉంటానా అని మిమ్మల్ని మీరే అడగండి. వెంటనే జవాబు రాకపోతే కంగారుపడకండి. గుండ్లకమ్మ ఒడ్డున కూడా అది పదిహేను నెలలకు గాని తేలలేదు. ప్రభువు మనతో అంత ఓర్పు వహించును గాక. ఆమేన్.