మూడంకెల వెనక ఉన్న మనిషి

వికారాబాద్‌లోనో తాండూరులోనో డిగ్రీ చదువుతున్నారా? అందరూ ఒకేసారి తెరిచిన వెబ్‌సైట్ మొరాయించి 503 అని చూపించడం మీకు కొత్తేం కాదు. పేజీ దొరక్కపోతే 404. ఈ నంబర్లు ఎవరో తోచినట్టు పెట్టినవి కావు. ఈ పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడు జాన్ పోస్టెల్. పైథాన్ నేర్చుకుని ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఆయన కథ పనికొస్తుంది.

ముందు ఆ నంబరు ఎక్కడుంటుందో చూడండి. పైథాన్‌లో రిక్వెస్ట్స్ లైబ్రరీతో సర్వర్‌ని ఏదైనా అడిగితే తిరిగొచ్చేది రెస్పాన్స్ ఆబ్జెక్ట్. తాండూరు నుంచి నాపరాళ్ల లారీ బయల్దేరిందనుకోండి. సరుకేంటో, ఎంతో చెప్పే బిల్లు వెంట ఉంటుంది. రెస్పాన్స్‌లో హెడర్లు ఆ బిల్లు లాంటివి. బాడీ అసలు సరుకు. ఈ రెండింటికంటే ముందు చూడాల్సింది స్టేటస్ కోడ్. అడిగిన పని అయిందో లేదో చెప్పేది అదే.

పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివారు. ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌లో తొలి సందేశం 1969 అక్టోబరు 29న ఆ క్యాంపస్ నుంచే వెళ్లింది. అప్పటికి ఆయన అక్కడ పరిశోధక విద్యార్థి. నెట్‌వర్క్ నియమాలను ఆ కుర్రాళ్లు ఆర్‌ఎఫ్‌సీలనే పత్రాలుగా రాసుకునేవారు. ఏ నంబరు దేనికిచ్చారో ఎవరో ఒకరు లెక్క రాయాలి కదా? ఎవరికీ పెద్దగా ఇష్టంలేని ఆ పనిని పోస్టెల్ తీసుకున్నారు. మొదట్లో కాగితం మీదే రాసుకున్నారు. ఆ పత్రాలకు ఎడిటర్‌గా చివరిదాకా కొనసాగారు.

1974లో పీహెచ్‌డీ పూర్తయింది. అదే ఏడాది జూన్‌లో, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ జవాబుల కోడ్‌లను సహచరులతో కలిసి సవరించారు. జవాబులో వాక్యం మనిషి కోసం, నంబరు ప్రోగ్రామ్ కోసం. మొదటి అంకె 2 అయితే పని అయింది. 4 అయితే ఇప్పటికి కాలేదు, మళ్లీ ప్రయత్నించొచ్చు. 5 అయితే అదే పద్ధతిలో మళ్లీ అడిగి లాభం లేదు. 1982లో ఆయన రాసిన ఈమెయిల్ నియమాల్లోనూ ఇదే వరస. 1990ల్లో వచ్చిన వెబ్ కూడా మూడంకెల పద్ధతినే తీసుకుంది. కాకపోతే 4, 5ల అర్థం మారింది. ఇక్కడ 4 అంటే మీ అభ్యర్థనలో తేడా, 5 అంటే సర్వర్ వైపు ఇబ్బంది.

నంబర్ల లెక్క ఒక్కరి చేతిలో ఉండటం ఎంత పెద్ద విషయమో 1998 జనవరిలో తెలిసింది. పోస్టెల్ ఒక ఈమెయిల్ పంపగానే, ఇంటర్నెట్ చిరునామాలకు ఆధారమైన రూట్ సర్వర్లలో 8 ఆయన చెప్పినవైపు తిరిగాయి. అమెరికా ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో వెనక్కి మార్పించారు. అదొక పరీక్ష మాత్రమేనని ఆయన వాదన. ఆ ఏడాది సెప్టెంబరులో ఈ బాధ్యతల కోసం ఐకాన్ సంస్థ ఏర్పడింది. కొద్దిరోజులకే, అక్టోబరు 16న, గుండె ఆపరేషన్ తర్వాత పోస్టెల్ కన్నుమూశారు. వయసు 55.

ఇక మీ పని. 404 వచ్చినా రిక్వెస్ట్స్ లైబ్రరీ తనంతట తాను ఎర్రర్ ఇవ్వదు. తప్పు పేజీనే సరుకనుకుని మీ ప్రోగ్రామ్ ముందుకెళ్లిపోతుంది. అందుకే బాడీ తెరిచేముందు స్టేటస్ కోడ్ చూడండి, లేదా రైజ్ ఫర్ స్టేటస్ అనే ఫంక్షన్ పిలవండి. 401 అయితే లాగిన్ వివరాలు సరిచూసుకోండి. 429 అయితే కాస్త ఆగండి, మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని అర్థం. 503 అయితే కొంతసేపయ్యాక మళ్లీ ప్రయత్నించండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ఏపీఐ పనిచేయలేదని ఊరుకోకండి. ఏ కోడ్ వచ్చిందో, దానికి మీరేం చేశారో చెప్పండి. ఎదుటివాళ్లు వినాలనుకునేది అదే.