చెరుకునూ రెల్లునూ చదివిన జానకి

బతుకమ్మ పండక్కి వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లేటప్పుడు నేను కిటికీ పక్క సీటు వదులుకోను. ఆ రోజుల్లో వాగుల గట్ల మీద, తాండూరు దగ్గర కాగ్నా ఒడ్డున రెల్లు తెల్లగా పూసి ఉంటుంది. చేలో మొలిస్తే ఒక పట్టాన పోదని రైతులు విసుక్కునే గడ్డి అది. ఊళ్లో దిగాక మనం తాగే చెరుకు రసానికీ ఆ గడ్డికీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? ఆ చుట్టరికాన్ని కణంలోకి తొంగిచూసి వివరించినవాళ్లలో ఒక మలయాళీ ఆడపడుచు ఉంది. ఆమే జానకి అమ్మాళ్.

1897 నవంబరు 4న కేరళలోని తలశ్శేరిలో పుట్టింది. తండ్రి ఇ.కె. కృష్ణన్ సబ్ జడ్జి. ఆయనకు మొక్కలన్నా పక్షులన్నా ప్రాణం. ఇంటినిండా పిల్లలు. అక్కచెల్లెళ్లకు ఒక్కొక్కరికీ పెళ్లిళ్లవుతుంటే జానకి మాత్రం చదువుకుంటానంది. అప్పట్లో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో మన అమ్మమ్మల కాలం తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మద్రాసు క్వీన్ మేరీస్‌లో, తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, కొన్నాళ్లు పాఠాలు చెప్పింది. ఆసియా దేశాల ఆడపిల్లలకిచ్చే బార్బౌర్ స్కాలర్‌షిప్ వస్తే ఓడెక్కి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. 1931లో డాక్టరేట్ అందుకుంది. ఆమె పరిశోధించిన మొక్క మన వంకాయ, టమాటాల కుటుంబానిదే.

ఇంతకీ ఆవిడ చేసిన పనేమిటి? డిగ్రీలో బాటనీ తీసుకున్నవాళ్లకు ఉల్లి వేరు ప్రాక్టికల్ గుర్తుండే ఉంటుంది. వేరు కొస తుంచి, రంగు పట్టించి, గాజుపలక మీద నలిపి మైక్రోస్కోపులో చూడాలి. కణం రెండుగా చీలే సమయంలో దొరికితేనే లోపలి క్రోమోజోములు దారప్పోగుల్లా కనిపిస్తాయి. నాకైతే ఒక్కసారీ లెక్క సరిగ్గా రాలేదు, పక్కనున్న అమ్మాయిది చూసి వేశాను. ఉల్లిగడ్డకు 16, వరికి 24, మన తాండూరు కందికి 22 ఉంటాయి. ఏ మొక్క ఏ మొక్కకు బంధువో, దేన్ని దేనితో కలిపితే గింజ పడుతుందో తెలుసుకోవడానికి ఈ లెక్క చాలా అవసరం. జానకి జీవితమంతా ఈ లెక్కల్లోనే గడిచింది.

1934లో కోయంబత్తూరు చెరుకు పరిశోధన కేంద్రంలో చేరింది. లావుగా, తియ్యగా ఉండే విదేశీ చెరుకు మన ఎండలకూ చలికీ తెగుళ్లకూ తట్టుకునేది కాదు. దాన్ని మొండి రెల్లుతో సంకరం చేసే పని ఆమె రాకముందే మొదలైంది, టి.ఎస్. వెంకట్రామన్ వంటివారు మంచి రకాలు కూడా తెచ్చారు. అయితే ఆ మొక్కల కణాల్లో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు కావాలి. ఆ లావుపాటి చెరుకుకు 80 క్రోమోజోములు. రెల్లుకు ఒక్కో ప్రాంతంలో ఒక్కో లెక్క, 40 నుంచి 128 దాకా. జానకి ఆ తేడాలు పట్టుకుని, రెల్లు పుట్టిల్లు మన దేశమేనని చూపించడానికి తోడ్పడింది. చెరుకునూ మొక్కజొన్ననూ కలిపి పుట్టించిన మొక్కను కూడా పరిశీలించింది. 1935లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఫెలోగా ఎన్నికైంది.

ఇంత చేసినా కోయంబత్తూరులో ఆమెకు సుఖం లేదు. పెళ్లి చేసుకోని ఆడది, పైగా ఆ రోజుల్లో వెనుకబడినదిగా చూసిన తీయ కులం. తోటి మగ శాస్త్రవేత్తలు చిన్నచూపు చూశారని ఆమె జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు. పురుగూ తెగులూ చెరుకుకే కాదు మరి!

1939లో ఎడిన్‌బరోలో జరిగిన జన్యుశాస్త్ర మహాసభకు వెళ్లింది. ఆ రోజుల్లోనే యుద్ధం మొదలై అక్కడే ఉండిపోయింది. లండన్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థలో ఉద్యోగం. రాత్రి బాంబులు పడుతుంటే మంచం కింద దూరి, పొద్దున్నే పగిలిన గాజుపెంకులు ఊడ్చుకుని మళ్లీ పనిలో కూర్చునేదట. అలా సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాసు తయారుచేసింది. 1945లో అది ఇద్దరి పేర్లతో అచ్చయింది. పదేళ్లకు దాన్ని పెంచి మళ్లీ వేసినప్పుడు అట్ట మీద డార్లింగ్టన్ పక్కన వేరొకరి పేరుంది. శాస్త్రంలో అది మామూలే కావచ్చు, నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

తర్వాత విజ్లీలోని ఉద్యానవనంలో మాగ్నోలియాల మీద పనిచేసింది. మన సంపెంగకు దాయాదులవి. విత్తనాల మొలకలకు కోల్చిసిన్ అనే మందు పట్టించి క్రోమోజోములను రెట్టింపు చేసింది. అలా వచ్చిన మొక్కల్లో ఒకదానికి జానకి అమ్మాళ్ అనే పేరు పెట్టారు.

1951లో నెహ్రూ పిలుపుతో తిరిగొచ్చి బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాను చక్కదిద్దే బాధ్యత తీసుకుంది. 1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, మనిషి వల్ల భూమి ఎలా మారిపోతోందన్న విషయం మీద పెద్ద సదస్సు జరిగింది. పిలిచినవారిలో ఆడమనిషి ఈమె ఒక్కతే. 1977లో పద్మశ్రీ వచ్చింది.

రిటైరయ్యాక మద్రాసు దగ్గర మధురవాయిల్‌లో, విశ్వవిద్యాలయం క్షేత్ర ప్రయోగశాల పక్కన మందు మొక్కలు పెంచుకుంటూ ఉండేది. అంతలో కేరళ సైలెంట్ వ్యాలీ అడవిలో కుంతి నది మీద ఆనకట్ట కట్టబోతున్నారని తెలిసింది. వయసు ఎనభై. అడవి మునిగిపోయేలోగా అక్కడి చెట్ల క్రోమోజోములన్నీ లెక్కగట్టాలని బయల్దేరింది! ఆనకట్ట వద్దన్నవాళ్లతో గొంతు కలిపింది. 1983లో ఆ ప్రాజెక్టును విరమించుకున్నారు. 1984 ఫిబ్రవరి 7న మధురవాయిల్‌లో జానకి కన్నుమూసింది. ఆ ఏడాది నవంబరులో సైలెంట్ వ్యాలీని జాతీయ పార్కుగా ప్రకటించారు.